అచ్చుపడిన వ్యాసము – అందని పాఠకుడు
భద్రాచల మన్యసీమను గూర్చిన పరిశోధనలు అంతర్జాలమున కానవచ్చుటకు చేయవలసిన పనులు

పరిశోధనము చేయుట ఒక యెత్తు. చేసిన పరిశోధనము కావలసినవాని చేతి కందుట మఱియొక యెత్తు. మొదటిదానికి మన శాఖలలో శిక్షణ కలదు, పర్యవేక్షకులు కలరు, పరీక్షకులు కలరు. రెండవదానిని గూర్చి చెప్పువారు అరుదు. వ్యాసము అచ్చుపడినదనగానే పని ముగిసినదని తలంచుట మనకు అలవాటైనది. సంచిక వెలువడును, రచయితకు ఒకటి రెండు ప్రతులు అందును, గ్రంథాలయమున ఒక ప్రతి చేరును. పిమ్మట పది సంవత్సరములకు అదే విషయమును గైకొనిన విద్యార్థి, “ఈ విషయముపై ఇంతవరకు ఎవరును పరిశోధన చేయలేదు” అని తన పీఠికలో నిస్సంకోచముగా వ్రాయును. అతడు అసత్యము పలుకుటలేదు. వెదకినాడు, కానరాలేదు.

లేకపోవుట వేఱు, కానరాకపోవుట వేఱు. కాని వెదకువానికి రెండును ఒక్కటిగనే తోచును. తెలంగాణమున కవులు లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించి, 354 మంది కవులను ఒకచోట చూపి సమాధానము చెప్పిరి. ఆ కవులు సంచికకు పూర్వమును ఉండిరి. వారి జాడను తెలుపు సాధనమే లేకుండెను. నేడు మన పరిశోధనవ్యాసముల స్థితియు ఇట్టిదే. జాడ తెలుపు సాధనములు నేడు అంతర్జాలమున కలవు. వానికి తగినట్లు మన వ్యాసములను సిద్ధపఱచుట మాత్రము జరుగుటలేదు. ఈ విషయమును ఖమ్మము, భద్రాచలము మన్యపు సరిహద్దుసీమను నిదర్శనముగా గొని వివరించుట ఈ వ్యాసోద్దేశము. ఆ సీమనే యేల గ్రహింపవలెనన్న ప్రశ్నకు సమాధానము ముందు ముందు తేటపడగలదు.

1. ఒక పాత వ్యాసము, దాని జాడ

దుమ్ముగూడెమున చర్చి మిషనరీ సొసైటీ పక్షమున పనిచేసిన రెవరెండు జాన్ కెయిన్ భద్రాచలము, రేకపల్లి తాలూకాలను గూర్చి వ్రాసిన వ్యాసములు 1876 మొదలుకొని ‘ఇండియన్ ఆంటిక్వెరీ’ పత్రికలో వెలువడినవి. అది 1872లో జేమ్స్ బర్జెస్ బొంబాయిలో స్థాపించిన పత్రిక. కోయలను గూర్చి కెయిన్ వ్రాసిన వేఱొక వ్యాసము 1881లో లండనునందలి రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వచ్చినది. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారిగారి సహాయముతో, దక్షిణభారతమునందలి కులములు తెగలను గూర్చి 7 సంపుటములు ప్రకటించెను. అందు కోయల భాగమున కెయిన్ చెప్పిన విషయములు ఆతని పేరుతోనే విరివిగా ఉదాహరింపబడినవి. మతప్రచారకుని దృష్టితో వ్రాసిన రచనలగుటచే వానిని జాగ్రత్తతో చదువవలెను. అయినను ఆ సీమను గూర్చిన తొలి అచ్చు ఆధారములలో అవి ముఖ్యములు.

నూటయేబది సంవత్సరముల నాటి ఈ వ్యాసములు నేటికిని దొరకుచున్నవి. కారణములు మూడు. మొదటిది, అవి వెలువడిన పత్రికకు సంపుటసంఖ్య, పుటసంఖ్య, విషయసూచిక క్రమముగా ఉండెను. అది పలు గ్రంథాలయములకు చేరెను. రెండవది, తరువాతివాడు రచయిత పేరు చెప్పి ఉదాహరించెను. మూడవది, ఆ సంపుటములను నేడు ఛాయాప్రతులుగా తీసి, అందలి అక్షరములను యంత్రము గుర్తించునట్లు మార్చి, ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి చోట్ల ఉంచినారు.

ఇన్ని యున్నను, నేడు భద్రాచలమున కూర్చుండి “భద్రాచలం కోయలు” అని తెలుగున వెదకు విద్యార్థికి కెయిన్ వ్యాసము ఎదురుపడుట కష్టము. ఆ వ్యాసము ఆంగ్లమున నున్నది. అందు ఊరిపేరు నేటి వర్ణక్రమమున లేదు. ‘భద్రాచెల్లం’ అని చదువదగినట్లున్నది. తెగ పేరు ‘కోయి’ అని యున్నది. ఆ పాత రూపములు తెలిసినవానికి మాత్రమే అది కనబడును, తెలియనివానికి లేనట్లే. మిక్కిలి శ్రద్ధతో భద్రపఱుపబడిన వ్యాసమునకే ఈ అవస్థ యైనచో, మన వార్షికసంచికలలోని వ్యాసముల సంగతి వేఱుగా చెప్పనక్కఱలేదు.

2. యంత్రము వెదకు విధము

గ్రంథాలయమున వెదకుట మన కందఱకు తెలిసినదే. రచయిత పేరు, గ్రంథము పేరు, విషయము అను మూడు విధముల పత్రములు పెట్టెలలో అక్షరక్రమమున నుండును. ఆ పత్రమును వ్రాసినవాడు గ్రంథపాలకుడు. ఆతడు గ్రంథమును తిరగవేసి, ఇది యే విషయమునకు చెందునో తన బుద్ధితో నిర్ణయించును.

అంతర్జాలమునందలి శోధనయంత్రమునకు అట్టి గ్రంథపాలకుడు లేడు. అది చేయు పని మూడు మెట్లుగా సాగును. మొదట అది ఒక పుటనుండి మఱియొక పుటకు లంకెలను పట్టుకొని పోవుచు క్రొత్త పుటలను కనుగొనును. రెండవమెట్టున ఆ పుటలోని అక్షరములను చదివి, ఏ మాట యెక్కడ నున్నదో తెలుపు ఒక పెద్ద సూచికను కట్టును. మూడవమెట్టున, ఎవరైన ఒక మాట నడిగినపుడు, ఆ సూచికలో దొరకిన పుటలను ప్రాధాన్యము ననుసరించి వరుసగా చూపును. ఏ మెట్టున ఆటంకము కలిగినను వ్యాసము పాఠకునికి చేరదు. లంకె లేని పుటను యంత్రము చేరలేదు. చేరినను అక్షరములు లేని చిత్రమైనచో చదువలేదు. చదివినను, వెదకువాడు వాడు మాట అందులో లేనిచో చూపలేదు.

2004లో ఆరంభమైన గూగుల్ స్కాలర్ పరిశోధనవ్యాసములకే ప్రత్యేకింపబడిన సాధనము. వ్యాసములను తనలో చేర్చుకొనుటకు అది కొన్ని నియమములను ప్రకటించినది. ఒక్కొక్క వ్యాసమునకు ఒక్కొక్క ప్రత్యేకమైన చిరునామా ఉండవలెను. వ్యాసము పేరు మొదటి పుటపై పెద్ద అక్షరములతోను, దాని క్రింద రచయిత పేరును ఉండవలెను. పీడీఎఫ్ ప్రతి 5 మెగాబైట్లకు మించరాదు. సంగ్రహమైనను, పూర్తి వ్యాసమైనను, సంతకముచేసి లోనికి పోనక్కఱలేకుండ ఎవరికైనను కనబడవలెను. పుటవెనుక, యంత్రము మాత్రమే చదువునట్టి మెటాడేటా యను వివరణాంశములు, అనగా శీర్షిక, రచయిత, పత్రిక, సంవత్సరము, పుటలు, వేఱువేఱుగా గుర్తింపబడియుండవలెను.

ఈ నియమములతో మన సంచికలను పోల్చి చూచిన లోపము వెంటనే తెలియును. రెండువందల పుటల వార్షికసంచికను ఒక్క పెద్ద పీడీఎఫ్‌గా చేసి, ‘సంచిక’ అను పేరుతో విశ్వవిద్యాలయపు పుటలో ఒక మూల నుంచుట సామాన్యాచారము. ఇరువది వ్యాసములున్న ఆ సంపుటము యంత్రమునకు ఒక్కటే పత్రము. పదునాఱవ వ్యాసము దుమ్ముగూడెపు స్థలనామములను గూర్చినదని దానికి తెలియు మార్గము లేదు.

3. అక్షరమే అక్షరముగా నుండవలెను

తెలుగు వ్యాసములకు గల విశేషమైన చిక్కు లిపిసంబంధి. యూనికోడ్ ప్రమాణమున తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. 1991లో వెలువడిన తొలి ప్రమాణముననే తెలుగు ఉన్నది. అయినను మన అచ్చుకూటములలో చాలకాలము వేఱు పద్ధతి నడచినది; కొన్నిచోట్ల నేటికిని నడచుచున్నది. ఆ పాత ఫాంట్లలో రోమను అక్షరముల స్థానమున తెలుగు అక్షరఖండములను నిలిపి యుంతురు. కంటికి తెలుగు కనబడును. యంత్రమునకు మాత్రము పొందిక లేని రోమను అక్షరముల వరుస కనబడును.

ఈ వ్యాసరచయిత తన వ్యాసమునే ఒకప్పుడు పేరు పెట్టి వెదకి కనుగొనలేకపోయెను. ఆ పీడీఎఫ్ అంతర్జాలమున లేకపోలేదు. తెఱచి, ఒక వాక్యమును ఎత్తి వేఱొకచోట అతికించి చూడగా, అర్థము లేని రోమను అక్షరములును విరామచిహ్నములును వచ్చెను. దోషము రచయితదే: అచ్చుకు ఇచ్చునపుడు ఫాంటు ఏదని అడుగలేదు. ఈ పరీక్ష ప్రతివారును తమ వ్యాసములపై చేయదగినది. ఒక్క నిమిషము చాలును. ఎత్తి అతికించిన వాక్యము తెలుగుగానే వచ్చినచో వ్యాసము యంత్రమునకు చదువవచ్చును. రానిచో ఆ వ్యాసము లోకమున లేనట్లే లెక్క.

పాత సంచికల ఛాయాప్రతులు చిత్రములు మాత్రమే. వానినుండి అక్షరములను గుర్తించు సాధనములు నేడు తెలుగునకును కలవు. టెసరాక్ట్ వంటివి ఉచితముగా లభించును. కాని తెలుగు అచ్చున ‘ధ’ ‘థ’లు, ‘మ’ ‘య’లు, ‘ఋ’ ‘బు’లు రూపమున మిక్కిలి దగ్గఱివి, పాత సీసపు అచ్చు చెదరినచోట యంత్రము తడబడును. సంపుటమంతయు దిద్దుట దుస్సాధ్యమైనచో, ప్రతి వ్యాసమునకు శీర్షిక, రచయిత పేరు, మొదటి పేరా, అందలి స్థలనామములు, వ్యక్తినామములు మాత్రమైన మనుష్యుడు చూచి దిద్దవలెను. వెదకువాడు ముందుగా వాడునవి ఆ మాటలే.

టైపుచేయువారి అలవాట్లవలనను కొంత నష్టము కలుగుచున్నది. పూర్ణానుస్వారమునకు బదులుగా తెలుగు అంకెయైన సున్నను వాడువారు కలరు. కంటికి రెండును ఒకటే. యంత్రమునకు అవి వేఱువేఱు స్థానములు. ‘ఖమ్మం’ అను మాటను సున్నతో వ్రాసిన వ్యాసము, అనుస్వారముతో వెదకువానికి దొరకకపోవచ్చును. ‘ఱ’, ‘ర’ల భేదమును, ‘ఖమ్మము’, ‘ఖమ్మం’ అను రూపభేదమును ఇట్టివే. మన భాషలో విభక్తిప్రత్యయములు పదముతో కలిసిపోవును, సంధి జరుగును. ‘కోయలు’, ‘కోయలయందు’, ‘కోయవారి’ అనునవి ఒకే మాటయని మనము గ్రహింతుము. ఆంగ్లపదముల రూపభేదములను గుర్తించినంత చక్కగా యంత్రము వీనిని గుర్తింపజాలదు. కావున ముఖ్యమైన పదము ఒక్కసారియైన ప్రథమావిభక్తిలో, సంధి లేక, విడిగా సంగ్రహమున కనబడవలెను.

4. ఊరు కదలలేదు, చిరునామా మాఱినది

భద్రాచల సీమను నిదర్శనముగా గైకొనుటకు కారణము ఇచ్చట తెలియును. కెయిన్ వ్రాసిన రేకపల్లినే చూడుడు. 1860లో నిజాము ఆంగ్లేయులకు అప్పగించిన సీమలో అది కలదు; పిదప మధ్యపరగణాలలోని ఎగువగోదావరి జిల్లాకు చెందెను; 1874లో మద్రాసు రాజధానియందలి గోదావరి జిల్లాలో చేరెను; తరువాత తూర్పుగోదావరి జిల్లాకు చెందెను; 1959లో, భద్రాచలము డివిజనుతోపాటు, ఖమ్మము జిల్లాకు వచ్చెను. ఆ ఖమ్మము జిల్లాయే 1953లో వరంగల్లు జిల్లానుండి వేఱుపడినది. 2014లో పోలవరము ముంపుమండలములు ఆంధ్రప్రదేశమునకు చేర్పబడినపుడు రేకపల్లి మరల తూర్పుగోదావరికి పోయెను. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరెను. భద్రాచలము పట్టణము మాత్రము తెలంగాణములోనే నిలిచి, 2016లో ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో భాగమైనది.

అనగా ఆ యూరిని గూర్చి 1876లో, 1930లో, 1965లో, 2018లో వ్రాసిన నలుగురు పరిశోధకులు నాలుగు వేఱు చిరునామాలు వ్రాసియుందురు. “ఖమ్మం జిల్లా గిరిజనులు” అని వెదకువానికి అందులో ఒకటి మాత్రమే దొరకును. కావున ఈ సీమను గూర్చిన ప్రతి వ్యాసమునందును గ్రామము పేరు, మండలము పేరు, రచనాకాలమునాటి జిల్లా పేరు, పూర్వపు జిల్లా పేరు ఒక వాక్యమున చెప్పుట అవసరము. అక్షాంశ రేఖాంశములు చేర్చినచో మఱియు మేలు; రాజ్యవిభజనలతో అవి మాఱవు.

తెగల పేర్లు మఱింత చిక్కైనవి. కోయ, కోయి, కోయీ, కోయతూర్ అను రూపములన్నియు అచ్చున కలవు. నదీతీరమున నుండువారిని గొమ్ముకోయలనియు, గుట్టలపై నుండువారిని గుట్టకోయలనియు చెప్పుదురు. ఛత్తీసుగఢునుండి ఇటీవలికాలమున వలసవచ్చినవారిని పత్రికలు గుత్తికోయలనుచున్నవి. ‘గుట్టకోయ’, ‘గుత్తికోయ’ అను పేర్లు ఒక అక్షరపు భేదముతో నున్నను, ఇవి ఒకరినే సూచించునవి కావు. మొదటి పేరు షెడ్యూల్డు తెగల జాబితాలో కోయల శాఖలలో ఒకటిగా నున్నది. రెండవ పేరుగలవారి హక్కులను గూర్చి వివాదము నడచుచున్నది. శీర్షికలో పొరపాటుపడిన వ్యాసము, వెదకువానిని త్రోవ తప్పించుటయే గాక, ఒకరిని గూర్చిన సమాచారమును వేఱొకరికి అంటగట్టును.

భాషను గూర్చి వెదకువానికి వేఱొక చిక్కు. 1906లో వెలువడిన భారతభాషాసర్వేక్షణ నాలుగవ సంపుటము కోయభాషను గోండిలో భాగముగా చూపినది. ద్రావిడ వ్యుత్పత్తికోశమునందును కోయపదములు గోండి క్రిందనే చేరినవి. స్టీఫెన్ టైలర్ 1969లో ప్రకటించిన వ్యాకరణమున మాత్రము ‘కోయ’ యను పేరు శీర్షికలోనే యున్నది. అది గొమ్ముకోయల భాషను గూర్చినది. గోండి యని వెదకనివానికి మొదటి రెండును, కోయ యని వెదకనివానికి మూడవదియు తప్పిపోవును. భాషల కన్నింటికి మూడక్షరముల అంతర్జాతీయసంకేతములు కలవు. కోయభాషకు సంకేతము కేఎఫ్ఎఫ్. కీలకపదములలో ఈ సంకేతమును చేర్చిన వ్యాసమునకు వర్ణక్రమభేదములవలని నష్టము కొంత తగ్గును.

తెలుగు సాహిత్యవిద్యార్థులకు మఱింత దగ్గఱి ఉదాహరణము రామదాసు. ఆ పేరుతో వెదకినచో మహారాష్ట్రమునందలి సమర్థ రామదాసును గూర్చిన రచనలును కుప్పలుగా వచ్చును. ఇరువురును 17వ శతాబ్దివారే. నేలకొండపల్లివాడైన కంచెర్ల గోపన్నను గూర్చి వ్రాయువాడు ‘భద్రాచల రామదాసు’, ‘కంచెర్ల గోపన్న’ అను రెండు పేర్లును, దాశరథీశతకకర్త యను గుర్తింపును, సంగ్రహముననే చెప్పినచో చిక్కు తీరును.

5. శీర్షిక, సంగ్రహము, కీలకపదములు

మన వ్యాసముల శీర్షికలు తఱచుగా ‘ఒక పరిశీలన’, ‘ఒక విశ్లేషణ’, ‘కొన్ని ఆలోచనలు’ అని ముగియును. ‘మన్యసీమ మౌఖికసాహిత్యము – ఒక పరిశీలన’ అను శీర్షికను ఊహింపుడు. అది శ్రీకాకుళపు సవరలను గూర్చినదైనను కావచ్చును, ఆదిలాబాదు గోండులను గూర్చినదైనను కావచ్చును. ‘చింతూరు మండలమునందలి కోయల భూమిపండుగ పాటలు: స్త్రీల గాత్రములలోని పాఠభేదములు’ అన్నచో స్థలము, జనము, సందర్భము, ప్రశ్న అను నాలుగును తెలియును. శీర్షిక అందముగా నుండరాదని యెవరును అనరు. అందమైన మాట నొకదానిని ముందుంచి, వివరమును ఉపశీర్షికలో చెప్పవచ్చును.

సంగ్రహమును పలువురు పీఠికవలె వ్రాయుదురు: “సాహిత్యము సమాజమునకు దర్పణము” అని ఆరంభింతురు. అందుచేత పాఠకునికి కలుగు లాభము లేదు. ఏ ప్రశ్న అడుగబడినది, ఏ గ్రామముల ఏ సంవత్సరమున ఎట్లు సేకరించినది, ఏమి తేలినది అను మూడింటిని 150 నుండి 250 మాటలలో చెప్పిన చాలును. వ్యాసము తెలుగున నున్నను, సంగ్రహమును తెలుగునను ఆంగ్లమునను ఇయ్యవలెను. తెలుగు రాని భాషాశాస్త్రజ్ఞుడు, జగదల్పూరు విద్యార్థి, విదేశమున నున్న మానవశాస్త్రజ్ఞుడు, ఆంగ్లసంగ్రహము ద్వారమున మన వ్యాసము ఉనికిని తెలిసికొందురు. అట్లే ఆంగ్లమున వ్రాసినవారు తెలుగు సంగ్రహము నిచ్చుట ధర్మము. ఏలయన, ఎవరిని గూర్చి వ్రాసితిమో వారి బిడ్డలు చదువు భాష అది.

కీలకపదములు శీర్షికలోని మాటలను మరల చెప్పుటకు కావు. శీర్షికలో ఇముడని పర్యాయపదములకు, పాత వర్ణక్రమములకు, పూర్వపు జిల్లాపేర్లకు అదియే స్థానము.

6. రచయిత ఎవరు?

తెలుగువారి పేర్లలో ఇంటిపేరు ముందు వచ్చును, పొడియక్షరములుగా కుదింపబడును, ఆంగ్లపత్రికలలో చివరకు పోవును. ఒక్కడే ఒక వ్యాసమున పూర్తిపేరుతో, వేఱొకదాన పొడియక్షరములతో, మూడవదాన ఇంటిపేరు లేకయే కనబడును. యంత్రము ముగ్గురని తలంచును. అట్లే ఒకే పేరుగల ముగ్గురిని ఒక్కనిగా తలంచును. ఈ చిక్కు మన పేర్లకు మాత్రమే కాదు. పాపికొండల రెడ్లను గూర్చి 1945లో గొప్ప గ్రంథమును ప్రకటించిన క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్‌ను కొందఱు ఫ్యూరర్ క్రిందను, కొందఱు హైమెన్‌డార్ఫ్ క్రిందను చేర్చుచున్నారు.

2012లో ఆరంభమైన ఓర్కిడ్ అను పద్ధతి దీనికి పరిష్కారము. పరిశోధకునికి 16 స్థానముల సంఖ్య యొకటి ఉచితముగా ఇయ్యబడును. పేరు ఎట్లు వ్రాసినను ఆ సంఖ్య మాఱదు. పరిశోధకవిద్యార్థి తన తొలి వ్యాసమునకు పూర్వమే దీనిని పొంది, పేరును తెలుగు రోమను లిపులలో ఒకే విధముగా వ్రాయుటకు నిశ్చయించుకొనవలెను.

7. చెడని చిరునామా

అంతర్జాలపుటల చిరునామాలు అల్పాయువులు. కార్యాలయపు పుటను క్రొత్తగా తీర్చినపుడెల్ల పాత లంకెలు తెగిపోవును. డీఓఐ యను శాశ్వతసంఖ్య దీనికి విరుగుడు. 10 అను అంకెతో ఆరంభమగు ఆ సంఖ్య వ్యాసమున కియ్యబడును; పుట స్థానము మాఱినపుడు ప్రకాశకుడు క్రొత్తచోటును నమోదుచేసినచో సంఖ్య మాఱకయే పాఠకుని అచ్చటికి చేర్చును. 2000లో స్థాపింపబడిన క్రాస్‌రెఫ్ సంస్థద్వారా పత్రికలు ఈ సంఖ్యలను పొందుచున్నవి. దానికి చందా కలదు. చిన్న పత్రికకు ఆ వ్యయము భారమైనచో, 2013లో ఆరంభమైన జెనోడో భాండాగారమున వ్యాసమును ఉంచినచో డీఓఐ ఉచితముగా లభించును. జెనీవాయందలి సెర్న్ దానిని నడపుచున్నది.

సిద్ధాంతగ్రంథములకు మన దేశమున శోధగంగ కలదు. గాంధీనగరమునందలి ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రము దీనిని నడపుచున్నది. తెలుగు సిద్ధాంతగ్రంథముల పేర్లు అందు కొన్ని రోమను లిపిలో, ఎవరికి తోచినట్లు వారు వ్రాసిన వర్ణక్రమముతో ఉన్నవి. తెలుగులిపిలో వెదకువానికి అవి దొరకవు. గ్రంథమును సమర్పించునపుడు పేరు రెండు లిపులలోను నమోదగునట్లు చూచుట పర్యవేక్షకుని పని.

హక్కుల విషయమును మఱువరాదు. 1957 నాటి మన శాసనము ననుసరించి, రచయిత మరణానంతరము 60 సంవత్సరములవఱకు రచనపై హక్కు ఉండును. పాత సంచికలను అంతర్జాలమున నుంచుటకు పూర్వము రచయితలను గాని వారి వారసులను గాని అడుగవలెను. ఇకముందు వ్యాసమును స్వీకరించునప్పుడే అనుమతిపత్రమున ఈ అంశమును చేర్చినచో మన తరువాతివారికి శ్రమ తప్పును.

8. తెలుపదగినది, తెలుపరానిది

వ్యాసము కానవచ్చుటతో ఒక బాధ్యతయు వచ్చును. అచ్చులో మూలపడియున్న సమాచారము మూడువందల మందికి తెలియును. అంతర్జాలమున ఎల్లరకును తెలియును. ఏ మూలిక యే చెట్టుక్రింద దొరకునో, ఏ వేలుపుస్థలము ఏ గుట్టపై నున్నదో, ఎవరు ఏ అధికారినిగూర్చి ఏమనిరో, ఇవన్నియు పేర్లతో వెలువడినచో చెప్పినవారికి కీడు కలుగవచ్చును. మందుమొక్కలపై స్థానికజనులకు గల జ్ఞానమును 2002 నాటి జీవవైవిధ్యచట్టము గుర్తించినది. సమాచారము చెప్పినవారికి, వ్యాసము అంతర్జాలమున ఎల్లరకును కనబడునని ముందుగా తెలిపి, వారు వలదన్న వివరమును విడిచివేయవలెను.

ఉదాహరణసంఖ్యను పెంచుకొనుటకై ఒకరి వ్యాసము నొకరు అక్కఱలేకయే పేర్కొనుట, కీలకపదములలో సంబంధములేని ప్రసిద్ధపదములను చేర్చుట మొదలగునవి తగవు. సంత వీథిలో పేరుపలకను మార్చిన దుకాణమునకు వచ్చినవాడు మరల రాడు. ఉపాయములన్నియు వ్యాసమున నున్నదానిని చూపుటకే. లేనిదానిని చూపుటకు కావు.

9. మన సంచిక చేయదగినది

పై పనులన్నియు ఒకేసారి చేయుట సాధ్యముకాదు. చేయదగిన వరుస ఇది. మొదట, ఇంతవఱకు వెలువడిన సంచికలన్నింటి విషయసూచికను యూనికోడ్ తెలుగున టైపుచేయించి, ఒక్కొక్క వ్యాసమును ఒక్కొక్క పంక్తిగా ప్రకటించవలెను. ఇది ఇద్దఱు విద్యార్థులు ఒక వేసవిలో చేయగల పని, వ్యయము స్వల్పము, దీనితోనే సగము చీకటి తొలగును. వ్యాసము చదువుటకు దొరకకున్నను, ఉన్నదని తెలిసినచో పాఠకుడు గ్రంథాలయమునకు ఉత్తరము వ్రాయగలడు. రెండవది, రాబోవు సంచికనుండి ప్రతి వ్యాసమును వేఱు పుటగా, యూనికోడ్ పీడీఎఫ్‌గా, ద్విభాషాసంగ్రహములతో ఉంచవలెను. ఐఎస్ఎస్ఎన్ సంఖ్య లేనిచో తీసికొనవలెను. మూడవది, పాత వ్యాసములను అనుమతులు లభించినకొలది ఛాయాప్రతులుగా తీసి, శీర్షికలను నామములను దిద్ది చేర్చవలెను.

ఈ మూడవపనిలో ఏ వ్యాసములు ముందు అను ప్రశ్నకు భద్రాచల సీమయే సమాధానము. కూనవరము, వరరామచంద్రపురము, కుక్కునూరు, వేలేరుపాడు మండలములలో పలు గ్రామములు పోలవరము జలాశయపు ముంపుప్రాంతమున నున్నవి. జనులు వేఱుచోట్లకు తరలుచున్నారు. గ్రామము చెదరినపుడు పొలముల పేర్లు, రేవుల పేర్లు, ఇలవేల్పుల గుడుల వరుస, ఏ పాట ఏ వాకిట పాడుదురో ఆ వాడుక, ఇవన్నియు చెదరును. ఆ గ్రామములకు నలువది ఏండ్ల క్రితము వెళ్లి ఎవరైన ఒక స్థలనామపట్టికను సేకరించి ఏదేని వార్షికసంచికలో ప్రకటించియున్నచో, మరల పోయి సేకరించుటకు ఆ యూరు అట్లే ఉండదు. అట్టి వ్యాసము కానరాకపోవుట, పరిశోధకునికి కలుగు అసౌకర్యముతో ముగియు నష్టము కాదు.

కావున ఏ సీమ మాఱిపోవుచున్నదో ఆ సీమను గూర్చిన వ్యాసములను ముందు వెలికిదీయవలెను. పునరావాసకాలనీలోని బడిలో చదువుకొను కోయబాలిక యొకతె రేపు తన తాతగారి యూరిపేరును చేతిఫోనులో తెలుగున టైపుచేసి చూచునపుడు, ఆ యూరిని గూర్చి మన శాఖలో ఒకప్పుడు వ్రాసిన నాలుగు పుటలు ఆమెకు కనబడవలెను. ఆమె ఆ పేరును ఏ వర్ణక్రమమున వ్రాయునో నేడే ఆలోచించి, ఆ రూపమును మన కీలకపదములలో చేర్చియుంచుట మన పని.